లైన్లోంచి వెళ్లిపోయిన చప్పుడు

మా కోడలు సెల్‌ఫోన్లకి ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తుంది. మొన్న ఆదివారం బల్ల మీద ఊరికే పడి ఉన్న నా ఫోన్ దానంతట అదే వెలిగింది. నేను ముట్టుకోలేదు, ఎవరూ పిలవలేదు. కారణం లేకుండా ఏదీ జరగదని ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి కదా, కారణం ఏంటమ్మా అని అడిగాను.

"అది నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది గానీ నిద్రపోదు మామయ్యగారూ," అంది. "లోపల కొన్ని కోడ్ ముక్కలు చెవులు రిక్కించుకుని ఉంటాయి. వాటి పేరే లిజనర్లు. కాల్ వస్తే నాకు చెప్పు, వైఫై తగిలితే నాకు చెప్పు, ఛార్జింగ్ తగ్గితే నాకు చెప్పు అని సిస్టమ్ దగ్గర ముందే పేర్లు రాయించుకుంటాయి. ఆ సంగతి జరగ్గానే సిస్టమ్ జాబితా చూసి పేరున్న వాళ్లందర్నీ లేపుతుంది."

"పని అయిపోయాక?"

"పేరు కొట్టేయించుకుని వెళ్లిపోవాలి. ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ లైను మర్చిపోయారనుకోండి, అది వింటూనే ఉంటుంది."

"ఆ జాబితాలో ఎవరెవరి పేర్లున్నాయో ఫోను గలవాడికి తెలుస్తుందా?"

కోడలు నవ్వింది. "మిమ్మల్ని అడిగే ఉంటుందండీ. మీరే చదవకుండా సరే అని నొక్కి ఉంటారు."

చదవకుండా సరే అని నొక్కిన మాట నిజమే. కానీ నేనలా నొక్కింది ఈ ఫోన్ మీద కాదు. ఎనభైల్లో, ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్య ఉన్న మా ఊళ్లో, ఒక మనిషి మీద.

ఆయన మా ఊరి టెలిఫోన్ ఆపరేటరు. పేరు రాయను. ఆయన పిల్లలు ఎక్కడో బతుకుతూ ఉంటారు, వాళ్ల జోలికి నేను పోను.

పోస్టాఫీసుని ఆనుకుని ఒక గది. అందులో నిలువెత్తు బోర్డు. బోర్డు నిండా వరసలుగా చిన్న చిన్న ఇత్తడి మూతలు, ఊళ్లో ఉన్న ఒక్కో ఫోనుకీ ఒక్కో మూత. షావుకారు తన కొట్లో ఫోను హ్యాండిల్ గిర్రున తిప్పితే ఇక్కడ ఆయన మూత టప్పున పడేది. మన ఆపరేటరు తీగ చివరి ప్లగ్గు దాని కింద బెజ్జంలో గుచ్చి, ఎదురుగా ఉన్న మీట ముందుకు నెట్టి, "నంబర్ ప్లీజ్" అనేవాడు. అడిగిన నంబరు బెజ్జంలో రెండో ప్లగ్గు గుచ్చి అవతల గంట మోగించేవాడు. మూత పడేదాకా ఆయనకి పని లేదు. కానీ మూత ఎప్పుడు పడుతుందోనని చూడటమే ఆయన పని. కోడలు చెప్పిన లిజనరు ఆ రోజుల్లో ఖాకీ చొక్కా వేసుకుని, చెక్క కుర్చీలో కూర్చుని ఉండేది.

ఆయన తల ఎప్పుడూ ఎడమ పక్కకి కొంచెం ఒరిగి ఉండేది. చెవికి తగిలించుకునే హెడ్‌సెట్ బరువుకి అలా అలవాటయింది. దాని పట్టీ ఒత్తిడికి నడినెత్తిన జుట్టులో ఒక గాడి పడింది. డ్యూటీ దిగి మా అరుగు మీద కూర్చున్నా ఆ తల నిటారు అయ్యేది కాదు. మనం మాట్లాడుతుంటే బొటనవేలితో మోకాలి మీద మెల్లగా దరువు వేసేవాడు. ట్రంక్ కాల్ మూడు నిమిషాల లెక్క అది. నేను ఆవేశంలో పడి మూఢనమ్మకాల మీద దంచుతుంటే, మధ్యలో కొంపలంటుకున్నట్టు, "మాస్టారూ, మూడు నిమిషాలైంది. పొడిగించమంటారా?" అనేవాడు. మా ఆవిడ లోపల్నుంచి, "పొడిగించకండి అన్నయ్యగారూ, అన్నం చల్లారిపోతోంది," అనేది.

రసాల కాలంలో సంచీలో నాలుగు చిన్న రసాలు తెచ్చేవాడు. పండుని రెండు అరచేతుల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని, మెత్తబడేదాకా నొక్కేవాడు. ముచిక కొరికి పక్కన పెట్టి, చుక్క కింద పడకుండా పీల్చేవాడు. అంతసేపూ మాట ఉండేది కాదు. "పొద్దుట్నుంచీ అందరి మాటలూ చెవిలో పోసుకున్నాక మనకి మాట మిగలదండీ," అనేవాడు.

మా స్కూలు హెడ్మాస్టరు గదిలో ఒక ఫోను ఉండేది. నేను సైన్సు మాస్టర్ని. హేతువాద సంఘం పని మీద ఆ ఫోనే వాడుకునేవాణ్ణి. ఒకరోజు ఆపరేటరు నాకు ఒక సంగతి నేర్పాడు.

"ఇద్దరూ హలో అనుకోగానే నేను మీట వెనక్కి లాగేస్తాను మాస్టారూ. అప్పుడు మీకు టక్ అని చిన్న చప్పుడు వినపడుతుంది. మాట కూడా కాస్త గట్టిపడుతుంది. అంటే నేను లైన్లోంచి వెళ్లిపోయానన్నమాట."

"వినపడకపోతే?"

"ఉన్నానన్నమాట. అప్పుడు నన్ను మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి." తర్వాత చాలా గంభీరంగా, "వైరు వినాలి, మనిషి వినకూడదు. మా ఉద్యోగంలో నీతి అంటే అంతే," అన్నాడు.

ఆ మాట నేను మూడు సభల్లో వాడుకున్నాను. దేవుడి భయం లేకుండా కూడా మనిషి నీతిగా ఉండగలడనడానికి మా ఊరి ఆపరేటరే ఉదాహరణ అన్నాను. ఆయన ముందు వరసలో కూర్చుని, తల ఎడమకి వాల్చి విన్నాడు. నేను అరచేతిలో కర్పూరం వెలిగించి చూపించినప్పుడు మొదట చప్పట్లు కొట్టేది ఆయనే.

ఆ ఏడే ఆగిరిపల్లి వైపు ఒక తోటలో ఒక స్వామి వెలిశాడు. గాల్లోంచి విభూతి తీసే రకం కాదు. అలాంటివాళ్లయితే నాకు పది నిమిషాల పని. ఈయన ఊరికే కూర్చుని వచ్చినవాళ్ల కష్టం వాళ్లు చెప్పకముందే చెప్పేవాడు. కూతురు కాపురం చెడిందని ఒకరికి, అన్నదమ్ముల మధ్య కోర్టు వ్యవహారం ఉందని ఇంకొకరికి. చెప్పినవి నిజాలు. జనం పోటెత్తారు.

మంగమ్మ సంగతి అక్కడే మొదలైంది. మంగమ్మ తోటల్లో కూలి. మగవాళ్లు చిక్కం కర్రతో కాయ దింపితే కింద సొన తుడిచి, సైజులు వేరుచేసి, గడ్డి పరిచి సర్దే పని. ఆమె మొగుడు మామిడి లోడుతో నాగపూర్ వెళ్లి రెండు నెలలు తిరిగి రాలేదు. ఏడుస్తూ స్వామి దగ్గరికి పోతే, "నీ పెనిమిటి బతికే ఉన్నాడు. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. పది రోజుల్లో వస్తాడు," అన్నాడు. తొమ్మిదో రోజున అతను కర్ర పొడుచుకుంటూ దిగాడు.

ఇక మంగమ్మకి స్వామే దేవుడు. దాంతో ఆగి ఉంటే నేను ఊరుకునేవాణ్ణేమో. కానీ మంగమ్మకి టీబీ. ఆస్పత్రి వాళ్లిచ్చిన మాత్రలు ఆరు నెలలుగా వేసుకుంటోంది, దగ్గు తగ్గుముఖం పట్టింది. "ఆ మందులు నీ ఒంటికి వేడి. మాని, నేనిచ్చే విభూతి నీళ్లు తాగు," అన్నాడు స్వామి. మానేసింది. నెల తిరక్కుండా దగ్గులో నెత్తురు పడింది.

నేను వాళ్లింటికి వెళ్లి బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి మంగమ్మే ఒక పందెం పెట్టింది.

"ఆయనకి అన్నీ తెలుసండీ. తెలియదని మీరు నలుగుర్లో చూపించండి, ఆ రోజే మాత్ర మింగుతాను. నా బిడ్డ మీద ఒట్టు."

ఇంతకన్నా శాస్త్రీయమైన షరతు ఏ పండితుడూ నాకు పెట్టలేదు.

విస్సన్నపేటలో మా సంఘం మిత్రుడు లెక్కల మాస్టారు ఉన్నాడు. ఆయనకి పిల్లలు లేరు. స్కూలు ఫోన్లో ఆయనతో మాట్లాడి పథకం వేశాను. ఆయన చింతలపూడి రైతులా వచ్చి, కూతురికి మాట పడిపోయిందని మొత్తుకోవాలి. స్వామి విభూతి ఇవ్వగానే నేను ముందుకొచ్చి, లేని కూతురికి వైద్యం చేస్తున్నాడని అందరికీ చెప్పాలి. ఈ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అనుకున్న ఆదివారం తోటలో మూడొందల మంది దాకా ఉన్నారు. నేను వెనకగా కలెక్టర్ మామిడి చెట్టు కింద నిలబడ్డాను. మంగమ్మ ముందు కూర్చుంది. జనం అంచున మన ఆపరేటరు కూడా ఉన్నాడు, తల ఎడమకి వాల్చి. లెక్కల మాస్టారు తలపాగా చుట్టుకుని వచ్చి భోరుమన్నాడు. స్వామి ఆయన్ని ఏడవనిచ్చాడు. తర్వాత చాలా ప్రేమగా అన్నాడు:

"లేని కూతురికి మాటెక్కడిది నాయనా? విస్సన్నపేట వెళ్లి పిల్లలకి కూడికలు చెప్పుకో. నిన్ను పంపినాయన ఆ కలెక్టర్ చెట్టు కింద ఉన్నాడు, పాపం ఎండన పడి వచ్చాడు. ఆయన్ని కూడా పిలువు, మజ్జిగ తాగి వెళతారు."

ఆ నవ్వులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "లెక్కల మాస్టారికి లెక్క తప్పిందిరోయ్!" అని ఒకడు. "సైన్సు మాస్టారికి మజ్జిగ పొయ్యండర్రా, వేడి చేసినట్టుంది!" అని ఇంకొకడు. మంగమ్మ నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "ఇంకేం చెప్తారండీ?" అంది. ఆ గొంతులో ఎకసెక్కం లేదు, జాలి ఉంది.

సాయంత్రం ఆపరేటరు మామూలుగా మా అరుగు మీదికి వచ్చాడు. సంచీలోంచి ఒక రసం తీసి, మెత్తగా నొక్కి నా చేతికిచ్చాడు. "బాధపడకండి మాస్టారూ. ఈసారి ఇంకా జాగ్రత్తగా వెయ్యాలి పథకం," అన్నాడు.

నేను ఆ పండు తిన్నాను.

వారం రోజులు ఆలోచించాను. మహిమ అనేది లేదు. ఇది నా నమ్మకం కాదు, నేను చూసినంతలో తేలిన విషయం. మరి స్వామికి ఎవరు చెప్పారు? తెలిసినవాళ్లం ఇద్దరం. లెక్కల మాస్టారు చెప్పలేదు, నేను చెప్పలేదు. మిగిలింది మా ఇద్దరి మధ్యా ఉన్న తీగ. ఆ కాల్ మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. హలో అనుకున్నాం, మాట్లాడుకున్నాం. టక్ వినపడిందా? గుర్తులేదు. అసలు దాని కోసం నేను చెవి పెట్టలేదు. స్నేహితుడి మీద ఎవరైనా చెవి పెడతారా? ప్రతిదాన్నీ పరీక్షించమని జనానికి చెప్పినవాణ్ణి, నా పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్కణ్ణే పరీక్షించకుండా వదిలేశాను.

అనుమానంతో మనిషికి శిక్ష వెయ్యకూడదు. ప్రయోగం చెయ్యాలి. చింతలపూడిలో మా బావకి ఎరువుల కొట్టూ, అందులో ఫోనూ ఉన్నాయి. నేనేం చెప్పినా "అలాగా" అనమని ముందే ఉత్తరం రాశాను. బుధవారం మధ్యాహ్నం స్కూలు నుంచి కాల్ పెట్టాను. ఈసారి చెవి పెట్టాను. హలో అనుకున్నాం. టక్ లేదు.

"బావా, నా గొంతులో గడ్డ లేచింది. డాక్టరు చూసి మంచిది కాదన్నాడు. ఇంట్లో చెప్పలేదు," అన్నాను.

"అలాగా," అన్నాడు బావ.

ఆ సాయంత్రం ఆయన వేళ కంటే ముందే వచ్చాడు. కూర్చోలేదు. నా మొహం కేసి చూడటం లేదు, గొంతు కేసి చూస్తున్నాడు. మోకాలి మీద దరువు లేదు.

"ఏంటండీ అలా చూస్తున్నారు?" అన్నాను.

"ఏం లేదు మాస్టారూ... గొంతు కొంచెం... సభల్లో అంత గట్టిగా అరవకండి. మంచినీళ్లు తాగుతున్నారా?"

కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేను చూసిన ఋజువులన్నిట్లోకీ అది బలమైన ఋజువు, అన్నిట్లోకీ అసహ్యమైనది కూడా. నా మీద ప్రేమ ఉన్న మనిషే నన్ను నలుగుర్లో గుడ్డలూడదీసి నిలబెట్టాడు. మర్నాడు స్వామి మనిషి రానే వచ్చాడు. "గొంతు సంగతి స్వామివారికి తెలిసిందండీ. అహంకారం వదిలి వస్తే నయం చేస్తానన్నారు," అన్నాడు.

శుక్రవారం అరుగు మీద నేను తిన్నగా అడిగాను. "నా గొంతులో గడ్డ లేదు. బావకి చెప్పింది అబద్ధం. విన్నది మీరు ఒక్కరే. ఇప్పుడు చెప్పండి."

ఆయన నడినెత్తిన గాడి తడుముకున్నాడు.

"గడ్డ లేదా?" అన్నాడు. "హమ్మయ్య." ముందు వచ్చిన మాట అది.

తర్వాత చెప్పాడు. మొదలు మంగమ్మ దగ్గరేనట. మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడని లోడు పంపిన షావుకారికి నాగపూర్ నుంచి ఫోను వచ్చింది. తెలిస్తే కోత మధ్యలో మంగమ్మా, ఆమెకి తోడుగా కూలీలూ నాగపూర్ బయల్దేరతారని షావుకారు ఆ కబురు మింగేశాడు. మంగమ్మ రోజూ పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఉత్తరం కోసం ఏడుస్తోంది. గోడకి ఇవతల ఈయనకి అంతా తెలుసు.

"చెబితే నా ఉద్యోగం పోతుంది మాస్టారూ. కాల్ విని బయటపెట్టడం నేరం. అందుకని స్వామితో అన్నాను. నేను చెబితే నేరం, ఆయన చెబితే మహిమ. ఆయన్ని ఎలా తెలిసిందని ఎవరడుగుతారు? ఆమె ఏడుపు ఆగింది. అంతవరకే అనుకున్నాను. తర్వాత ఆయన అడుగుతూనే ఉన్నాడు."

"మరి నా పథకం? అది చెబితే ఎవరి ఏడుపు ఆగింది?"

"భయమేసింది. స్వామి బయటపడితే, ఇన్నాళ్లూ ఎవరు చెప్పారని వెతుకుతారు. నా దగ్గరికే వస్తారు."

నిజం చెప్పాలంటే ఆ మొదటి పని నాకు అర్థమైంది. ఆ గోడ ఇవతల నేనున్నా ఏదో ఒకటి చేసేవాణ్ణేమో. కానీ రెండోది! తన కుర్చీ కోసం మంగమ్మ ఊపిరి ధారపోశాడు. ఆ పందెం సంగతి ఆయనకి తెలుసు. నేనే చెప్పాను, ఇదే అరుగు మీద.

"ఒక్కటే అడుగుతాను," అన్నాను. "రేపు పొద్దున మంగమ్మ ఇంటికి రండి. ఇప్పుడు నాకు చెప్పిన నాలుగు ముక్కలు ఆమెకి చెప్పండి. మీ మాట వింటే మాత్ర మింగుతుంది. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను, మీ పేరు బయటికి రానివ్వను."

"వస్తాను మాస్టారూ. ఏడింటికల్లా వస్తాను."

మర్నాడు ఏడింటికి మంగమ్మ వాకిట్లో మాత్రల సీసాతో కూర్చున్నాను. ఎనిమిదైంది. ఆమె లోపల దగ్గుతోంది. తొమ్మిదైంది. "ఎవరి కోసమండీ?" అని మంగమ్మ మొగుడు రెండుసార్లు అడిగాడు. పదింటికి నేనే చెప్పాను, మీ కబురు స్వామికి చేరవేసింది ఆపరేటరేనని. మంగమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి విని, "ఓడిపోయినవాళ్లు ఏదో ఒకటి అంటారండీ," అంది. "పాపం ఆ ఆపరేటరుగారి మీదెందుకు? రోజూ మీ ఇంటికొచ్చే మనిషి."

అక్కణ్ణుంచి తిన్నగా స్కూలుకి వెళ్లాను. హెడ్మాస్టరు గదిలో ఫోను హ్యాండిల్ తిప్పాను. అవతల మా మూత పడి ఉంటుంది.

"నంబర్ ప్లీజ్."

"మీ పై ఆఫీసరు గారి నంబరు కావాలి."

తీగలో గాలి చప్పుడు.

"అర్జెంటా, ఆర్డినరీయా మాస్టారూ?"

"అర్జెంట్."

"పెట్టెయ్యండి. లైను దొరకగానే పిలుస్తాను."

ఫిర్యాదు ఆయన మీద. కలపవలసిందీ ఆయనే. లైను లేదనొచ్చు, ఆఫీసరు లేడనొచ్చు. ఇరవై నిమిషాలకి ఫోను మోగింది.

"వచ్చింది. మాట్లాడండి," అన్నాడు. అవతల నుంచి ఎవరో హలో అన్నారు. నేనూ హలో అన్నాను.

టక్.

అవతలి మాట గట్టిపడింది. నేను ఉన్నదున్నట్టు అంతా చెప్పాను, ఒక్క ముక్క తగ్గించలేదు.

పదిహేను రోజుల్లో ఆయన్ని వేరే ఊరికి పంపేశారు. వెళ్లేముందు మా ఇంటికి రాలేదు. స్వామికి కష్టాలు తెలియడం ఆగిపోయింది. తర్వాతి కోతకల్లా తోట ఖాళీ చేసి వెళ్లాడు. నేను గెలిచానని ఎవరూ అనలేదు. ఆ మాస్టారి మాటలకి స్వామి మనసు విరిగిందన్నారు. ఆ కోతకి మంగమ్మ కూడా లేదు. ఆమె సర్దే చోట ఇంకెవరో సర్దుతున్నారు. కొన్నేళ్లకి మా ఊరికి ఆటోమేటిక్ ఎక్స్చేంజి వచ్చి ఆ బోర్డు పీకేశారు. ఆ తర్వాత చాలాకాలానికి, ఆయన పోయాడని పోస్టాఫీసులో అనుకుంటుంటే విన్నాను. ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించమని అడిగిన మనిషి కూడా కాదు.

ఒక్క చిక్కు మాత్రం ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు. మీట వెనక్కి లాగి టక్ అనిపించి, వెంటనే చప్పుడు రాకుండా మళ్లీ ముందుకు నెట్టొచ్చు. ఆ వేళ్లకి అదెంత పని? కాబట్టి ఆ టక్ దేనికీ ఋజువు కాదు. టక్‌ని నమ్మి ఆయన వినలేదని ఇంకెవరైనా అంటే సభలో నిలబెట్టి కడిగేసి ఉండేవాణ్ణి. అయినా ఆ రోజు, తన మెడ మీద కత్తి పడుతున్న ఆ ఒక్క కాల్, ఆయన వినలేదనే నేను నమ్ముతున్నాను. జీవితమంతా ఋజువు లేనిదేదీ నమ్మకుండా బతికినవాడిలో ఇలాంటి నమ్మకం ఒకటి పెట్టి, తనేమో లైన్లోంచి వెళ్లిపోయాడు. నాకు చేసిన ద్రోహాల్లో ఇదీ ఆయన ఖాతాలోదే.